మామ నోరు, నా పులి

జహీరాబాదులో అడవిపులిని కళ్ళారా చూసిన మనిషిని నేనొక్కదాన్నే అని మా బడి పిల్లలందరికీ తెలుసు. చూడలేదన్న సంగతి మాత్రం నాకొక్కదానికే తెలుసు. ఈ ప్రయాణం మొత్తం ఆ రెండో సంగతి వల్ల వచ్చింది.

నేను మూడో తరగతికి పాఠాలు చెబుతాను. మా తరగతి గోడకు జంతువుల పటం ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఎండకు రంగు వెలిసి అందులో పులి మా బజారు పిల్లిలా తయారైంది. కిందటి ఏడు ఒకరోజు ఆ పటం చూపిస్తుంటే మొగులమ్మ అనే పిల్ల లేచి నిలబడింది. తొమ్మిదేళ్ళ పిల్ల, అడగకూడనివన్నీ అడుగుతుంది.

"టీచర్, నువ్వు పులిని సూసినవా?"

"చూశాను" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. లేదంటే పాఠం పలచబడుతుందనిపించిందేమో.

"జూలనా?"

అక్కడైనా ఆగవలసింది. హైదరాబాదు జూలో పులిని జహీరాబాదులో సగం మంది చూశారు. "కాదు, అడవిలో" అన్నాను. ఆ తరువాత పిల్లలు వదల్లేదు. ఎంతుంది, ఏం చేస్తోంది, నిన్ను చూసిందా అని రోజుకో ప్రశ్న. నా పులి మొదటి వారం చెరువులో నీళ్ళు తాగింది, రెండో వారం తలెత్తి నావైపు చూసింది, సంక్రాంతి సెలవుల నాటికి నావైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. పక్క తరగతి పిల్లలు కూడా వచ్చి వినేవారు. చివరికి హెడ్మాస్టరుగారు "అమ్మా, ప్రార్థనలో ఒకరోజు మీ పులి సంగతి చెప్పండి" అన్నారు. ఆ రోజు తలనొప్పి అని సెలవు పెట్టాను.

అబద్ధాన్ని వెనక్కి తీసుకోవడం కంటే దాన్ని నిజం చేయడమే సులువనిపించింది. వేసవి సెలవులు వస్తున్నాయి. మైసూరు అవతల బందీపూర్ అడవిలో జనాన్ని వ్యానులో తిప్పి జంతువులను చూపిస్తారని పత్రికలో చదివాను. బడి తెరిచేలోగా ఒక్కసారి పులిని చూసి వస్తే మొగులమ్మ కళ్ళలోకి చూడగలనని నా ఆశ.

చిరాగ్‌పల్లి దాకా

మా ఆయన మార్కెట్ యార్డులో గుమాస్తా. బస్సు ఎక్కితే కడుపులో తిప్పే మనిషి. అయినా ఒప్పుకున్నాడు. పిల్లలిద్దరినీ కోహీర్‌లో మా అమ్మ దగ్గర దింపాం. ఇక బయలుదేరడమే అనుకుంటుండగా ఝరాసంగం నుంచి మా మామ దిగాడు.

మా మామ సంగప్ప వ్యవసాయదారుడు. నలభై ఏళ్ళుగా జొన్నచేనుకు, కందిచేనుకు మంచె మీద కాపలా కాసిన మనిషి. అడవిపందులు, జింకలు చేను మీద పడితే డబ్బా కొట్టి, గొంతు చించుకుని అరిచి, ఒడిసెలతో రాయి విసిరి తరమడం ఆయన బతుకు. ఆయన అరుపు పక్క ఊళ్ళో వాళ్ళకు కూడా గుర్తు. మేము ఎక్కడికి పోతున్నామో విని ఆయన తువ్వాల తీసి దులిపాడు.

"పైసలు వెట్టి పందులను సూడవోతున్నరా? నా చేన్లకు రాండ్రి, ఊకెనే సూపిస్త."

"పందులు కాదు నాయినా, పులి" అన్నాడు మా ఆయన.

"పులి ఉన్నకాడ పందులుంటయి. నేను గూడ వస్త. గీ పందులన్నీ యాడికెల్లి పుట్టుకొస్తున్నయో జర సూడాలె."

"గా అడవి పందులు మన తాన్కి రావు నాయినా. మస్తు దూరం."

"దూరమైతేంది, ఖాందాన్ ఒక్కటే గద!"

మామ భుజం మీద తువ్వాల, చేతిలో జొన్నరొట్టెల మూటతో బస్సు ఎక్కాడు. మా ఆయనకు సరిహద్దు ఊరు చిరాగ్‌పల్లి రాకముందే మొదటి వాంతి అయింది. కర్ణాటక గడ్డ మీద కాలు పెట్టకముందే ఒక మనిషి పడిపోయాడని మామ తెగ విచారించాడు.

రైలులో రొట్టెలు

గుల్బర్గా నుంచి రైలు. మా ఎదురుగా రాయచూరు వైపు ముసలావిడ ఒకామె, మైసూరులో కూతురి పురుడుకు పోతోంది. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. మా మూట విప్పగానే ఆమె మూట కూడా విప్పింది. మా రొట్టె ఆమె తీసుకుంది, ఆమె పల్లికారం మేం తీసుకున్నాం. మా రొట్టె మీద నువ్వులు అద్దుతాం, వాళ్ళు అద్దరు. ఈ తేడా మీద మామా ఆమే రాయచూరు నుంచి గుంతకల్లు దాకా వాదించుకున్నారు.

తరువాత ఆమె నన్ను అడిగింది, ఏ గుడికి పోతున్నారని. గుడికి కాదు, పులిని చూడడానికన్నాను. ఆమె చేతిలో రొట్టె కింద పెట్టింది. నా చెయ్యి పట్టుకుని, "పిల్లల్లేరా తల్లీ? పులిని చూస్తే పుడతారని ఎవరు చెప్పారు నీకు?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇద్దరున్నారని చెప్పినా నమ్మలేదు. పిల్లలను ఊళ్ళో వదిలి, వాంతులు చేసుకునే మొగుణ్ణి, ముసలి మామను వెంటేసుకుని ఊరకే పులిని చూడబోయే ఆడది ఉంటుందని ఆమె బుద్ధికి అందలేదు. దిగేటప్పుడు నాకు దిష్టి తీసి మరీ పోయింది.

నిజం చెప్పాలంటే ఆ మాటకు నాకు సిగ్గేసింది. మొక్కు లేకుండా ఇంత దూరం పోవడం మా వైపు కూడా లేదు. కానీ నాదీ ఒక మొక్కే, కాకపోతే దేవుడికి కాదు, మొగులమ్మకు.

మైసూరులో ముద్ద

మైసూరులో అందరూ మెల్లగా మాట్లాడతారు. బస్సులో కాలు తొక్కినవాడు కూడా మర్యాదగా తొక్కుతాడు. ఆడవాళ్ళందరి తలలో పూలు. మల్లెపూలు మూరకు అర్ధరూపాయి అంటే నేనూ కొన్నాను. పెట్టుకున్నాక గుర్తొచ్చింది, మామ ముందు నెత్తిమీద కొంగు వేసుకోవాలి గనక ఆ పూలున్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదని.

మామకు కన్నడం వచ్చు, కానీ అది బీదర్ సంతలో ఎద్దులు బేరమాడిన కన్నడం. హోటల్లో ఆయన నీళ్ళడిగితే, పోట్లాట అనుకుని యజమాని గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. కాఫీ చిన్న గ్లాసులో సగం నురగతో వచ్చింది. "గింతేనా? మన ఇరానీ హోటల్ల సాసర్ల గిన్ని చాయ్ ఒలుకుతది" అన్నాడు మామ, పైకే.

భోజనానికి రాగిముద్ద పెట్టారు. వడ్డించే అతను ముద్దను నమలకూడదనీ, పులుసులో ముంచి మింగాలనీ చూపించాడు. మామ అతన్ని నిలబెట్టి అడిగాడు:

"పండ్లు సక్కగ ఉన్నంక నములుడు ఎందుకద్దు?"

నమిలాడు. ముద్ద పైపళ్ళకూ కిందిపళ్ళకూ మధ్య బంకలా పట్టుకుంది. పావుగంటసేపు ఆయన నోరు తెరుచుకోలేదు. వడ్డించే అతను నీళ్ళ మీద నీళ్ళు పోశాడు. జొన్నరొట్టె తినే దేశస్తుడికి ముద్ద మింగడం ఒక విద్య అని ఆ రోజు అర్థమైంది. ముద్ద ఇంత బాగా నోరు మూయిస్తుందన్న సంగతి నేను గుర్తుపెట్టుకుని ఉంటే, తరువాత జరిగినది జరిగేది కాదు.

సాయంత్రం వ్యాను

అడవి గేటు దగ్గర గదిలో దిగాం. రెండు సవారీలకు పేర్లు రాయించాం, ఆ సాయంత్రం ఒకటి, మర్నాటి పొద్దున ఒకటి. అంటే నా పులికి రెండే అవకాశాలు. తిరుగు రైలు టిక్కెట్లు అప్పటికే మా ఆయన జేబులో ఉన్నాయి.

వ్యాను ఆకుపచ్చ రంగుది, కిటికీలకు అద్దాల బదులు కమ్ములు. మాతో బాటు బెంగుళూరు నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇంకో నలుగురు. బెంగుళూరాయన మెడలో మూరెడు గొట్టమున్న కెమెరా. దారి చూపించే గైడు పేరు సిద్దయ్య. బక్కమనిషి, ఖాకీ చొక్కా, బొంగురు గొంతు. ఆయన కన్నడంలో చెప్పినవన్నీ ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

"మాట్లాడకూడదు. లేచి నిలబడకూడదు. ఏది కనిపించినా వేలు చూపించండి, చాలు" అన్నాడు సిద్దయ్య. అందరూ తలలూపారు. మామ అందరికంటే ఎక్కువ ఊపాడు.

కడుపు తిప్పుడు వల్ల మా ఆయనను డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. మిగిలినవి పక్కపక్కన రెండు సీట్లు, మామకూ నాకూ. మామ వస్తుంటే కుర్చీలోంచి లేచే కోడలిని నేను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన పక్కన కూర్చోలేదు. ఇప్పుడు ఆయన ఆ కొసకు, నేను ఈ కొసకు ఒదిగి, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాం.

అడవి అందంగానే ఉంది. వెదురు పొదలు, దూరంగా నీలం కొండలు, తొలి వానకు చిగిర్చిన మోదుగ చెట్లు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మామ లెక్కలు వేస్తున్నాడు.

"గిన్ని మోదుగాకులు! ఇస్తార్లు కుట్టెటోళ్ళు లేరా గీ దేశంల?" అని నా చెవిలో అన్నాడు.

సిద్దయ్య వెనక్కి తిరిగి చూశాడు. మామ తువ్వాల సర్దుకున్నాడు.

ముందు నెమళ్ళు కనిపించాయి. తరువాత చుక్కల జింకల మంద, యాభైకి తక్కువ ఉండవు. జింకలను చూసి మామ పిడికిళ్ళు బిగించాడు గానీ ఓర్చుకున్నాడు. ఒక మలుపు దగ్గర వ్యాను ఆగింది. చెట్ల మధ్య పచ్చిక, దాని చివర అడవిదున్న ఒకటి నల్లగా, కొండలా నిలబడి ఉంది. బెంగుళూరాయన కెమెరా ఎత్తి ఊపిరి బిగబట్టాడు. సరిగ్గా అప్పుడు కుడివైపు పొదలోంచి ఒక ఆడపంది, వెనకాల ఆరేడు పిల్లలు, వరుసగా పచ్చికలోకి దిగాయి.

మామ లేచాడు.

"హోయ్ హోయ్ హోయ్! దుర్ర్ర్‌ర్! నీ యవ్వ, హోయ్!"

అరుస్తూనే రెండు చేతులతో వ్యాను రేకును డబ్బా కొట్టినట్టు కొట్టాడు. పందులు పోయాయి. అడవిదున్న పోయింది. మాకు కనిపించకుండా పొదల్లో ఉన్న జింకలు కూడా బయటపడి మరీ పోయాయి. చెట్ల మీది పిట్టలన్నీ లేచాయి. ముందు సీట్లో మా ఆయన లేచి తల పైకప్పుకు కొట్టుకున్నాడు. బెంగుళూరాయన కెమెరా నేలవైపు చూస్తోంది.

మామ కూర్చుని తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. వ్యానులో అందరి వైపూ నిదానంగా చూసి, "పోయినయ్" అన్నాడు. ఎవరైనా మెచ్చుకుంటారని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

ఆ తరువాత గంటసేపు తిరిగినా మాకు ఒక ఉడత కూడా కనిపించలేదు. దిగేటప్పుడు సిద్దయ్య నాతో ఒకే మాట అన్నాడు.

"అమ్మా, పొద్దున ఈ పెద్దాయన వస్తే వ్యాను కదలదు."

నాకు ఏడుపొచ్చింది. మామ మీద కోపమూ వచ్చింది, దాచడం ఎందుకు. ఏడాదిపాటు మోసిన అబద్ధం, మూడు రోజుల ప్రయాణం, అన్నీ ఒక్క పందికోసం పోయాయి. ఆయనను గదిలో వదిలి పోదామంటే కన్నకొడుకుకే నోరు రావడం లేదు, కోడలిని నేనెట్లా అంటాను?

గేటు బయట హోటలు

పొద్దు గుంకేలోపు గేటు బయట రేకుల హోటలు దగ్గరికి టీ తాగడానికి పోయాం. మామ తల దించుకుని మా వెనక నడిచాడు. "అర్సుడు అలవాటైపోయింది బిడ్డా. కండ్లకు పంది కనవడంగనే నోరు దానంతట అదే లేస్తది. నేను రేపు రాను, మీరు పోండ్రి" అన్నాడు. కోపం సగం అక్కడే పోయింది. మిగిలిన సగం మాత్రం గట్టిగానే ఉంది.

హోటల్లో సిద్దయ్య ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి ముఖం తిప్పుకున్నాడు. హోటలు వెనక అరటితోట, దాని పక్కన చింతచెట్టు. మామ ఆ చెట్టువైపు చూసి ఆగిపోయాడు. కొమ్మల మధ్య కర్రలతో కట్టిన మంచె ఉంది, దాని కింద తాడుకు వేలాడుతూ ఒక రేకు డబ్బా.

"గది ఎవరిది?" అని తన సంత కన్నడంలో అడిగాడు.

"నాది" అన్నాడు సిద్దయ్య, తల తిప్పకుండానే. "మా బావమరిదీ నేనూ వంతులేసుకుంటాం."

"మంచె మరీ మీదికి కట్టినవ్. పందికి గంత మీదెందుకు?"

"పందికి కాదు. ఏనుగుకు."

మామ అతని ఎదుట బల్ల మీద కూర్చున్నాడు. ఇద్దరు మనుషులు అంత తొందరగా కలిసిపోవడం నేను పెళ్ళిళ్ళలో కూడా చూడలేదు. పందులు ఏ వైపు గాలికి వస్తాయి, కంచె ఎక్కడ తవ్వుతాయి, డబ్బా మోత ఎన్నాళ్ళకు వాటికి అలవాటైపోతుంది, ఇవన్నీ టీ చల్లారేదాకా మాట్లాడుకున్నారు. సాయంత్రం దారి పక్కన పంది తవ్విన మట్టి చూసి, అది ఆ పొద్దుటిదేనని వ్యానులోంచే పోల్చుకున్నానని మామ చెబితే, సిద్దయ్య ఔనని బల్ల మీద చరిచాడు.

"మరి మీరు పగలంతా వాటిని చూడ్డానికి జనాన్ని తీసుకుపోతారు గదా?" అని నేను అడిగాను.

"అవునమ్మా. అడవి లోపల అవి నా కొలువు. గీత దాటి వస్తే నా తోటకు దొంగలు. పగలు అరవొద్దని మీకు చెబుతాను, చీకటి పడితే నేనే అరుస్తాను. ఈ గొంతు ఇట్లా ఎందుకైందనుకున్నారు?"

మామ నవ్విన నవ్వుకు హోటలతను బయటికి వచ్చి చూశాడు. సిద్దయ్య కూడా నవ్వి, టీ గ్లాసు కింద పెట్టాడు.

"పెద్దాయన రావచ్చు. కానీ తువ్వాల పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోవాలి" అన్నాడు. తరువాత నావైపు తిరిగాడు. "ఇంకో షరతు. అమ్మా, ఆయన నోరు మీ పూచీ. అడవిని నేను చూసుకుంటాను, ఆయన నోరు మీరు చూసుకోండి."

పూచీ పడ్డాను. ఆ మాట ఎంత ఖరీదైనదో అప్పుడు తెలియలేదు.

పొద్దుటి వ్యాను

తెల్లవారగానే బయలుదేరాం. మామ తువ్వాలను నాలుగు మడతలు పెట్టి నోట్లో కరిచాడు. బెంగుళూరాయన ఆ ఏర్పాటు చూసి సంతోషపడి, సిద్దయ్యకు నమస్కారం కూడా పెట్టాడు. ఈసారి ఆయన మా ముందు సీట్లోనే కూర్చున్నాడు.

పందులు ఎదురయ్యాయి. మామ బుగ్గలు పొంగాయి, మెడనరాలు లేచాయి. నేను ఆయన నోటివైపే కళ్ళార్పకుండా చూశాను. అరుపు తువ్వాలలోనే ఆగిపోయింది. ముందు నుంచి సిద్దయ్య బొటనవేలు ఎత్తి చూపించాడు. నాకు పరీక్షలో పిల్లాడు గట్టెక్కినంత సంబరమైంది. ఏనుగులు కూడా కనిపించాయట, పిల్ల ఏనుగు తల్లి కాళ్ళ మధ్య నడిచిందట. నేను చూడలేదు. నేను మామ నోరు చూస్తున్నాను.

ఎండ పొడుస్తుండగా ఒక నీటిగుంట దగ్గరకు వచ్చాం. పైన చెట్ల మీద కొండముచ్చులు ఒక్కసారిగా దగ్గినట్టు కూశాయి. సిద్దయ్య చెయ్యెత్తాడు, డ్రైవరు ఇంజను ఆపాడు. జింక ఒకటి గట్టిగా కేక పెట్టింది. ఆ తరువాత అడవంతా నిశ్శబ్దం.

"వస్తోంది" అని సిద్దయ్య గొంతు లోపలే అన్నాడు.

నేను నీటిగుంట వైపు తిరగబోయాను. సరిగ్గా అప్పుడు మామ నోట్లోంచి తువ్వాల జారి ఒళ్ళో పడింది. ఆయన పెదాలు విడిపోయాయి. నోరు నిండుగా తెరుచుకుంది. సాయంత్రం అరుపుకు ముందు కూడా ఆ నోరు సరిగ్గా అట్లాగే తెరుచుకుంది.

ఆలోచించడానికి సమయం లేదు. మధ్యలో ఉన్న జాగా, పన్నెండేళ్ళ మర్యాద, నెత్తిమీది కొంగు, అన్నీ ఒక్కసారే జారిపోయాయి. మామ మీదికి ఒరిగి కుడిచేత్తో ఆయన నోరు గట్టిగా మూశాను. ఎడమచేత్తో తల వెనక పట్టుకున్నాను. ఆయన పెనుగులాడలేదు. కళ్ళు మాత్రం నా భుజం మీదుగా ఎటో చూస్తున్నాయి. నేను ఆ కళ్ళకేసి చూస్తూ, "వద్దు మామా, వద్దు మామా, నీ కాళ్ళు మొక్కుత" అని గొణుగుతున్నాను. కెమెరా టక్కుమంది.

తరువాత అందరూ ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలారు.

నేను వెనక్కి తిరిగాను. నీటిగుంట ఉంది, గట్టు మీద తడి అడుగులు ఉన్నాయి, అవతల గడ్డి ఇంకా కదులుతోంది. అంతే.

"సూసినవా, ఎంతుందో!" అన్నాడు మా ఆయన ముందు సీట్లోంచి. మూడు రోజులుగా కడుపు తిప్పుతోందని కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి, సరిగ్గా ఆ క్షణానికి కళ్ళు తెరిచాడట. నీళ్ళు తాగిందట. తలెత్తి మా వ్యాను వైపు చూసిందట. నాలుగడుగులు వేసి తిరిగిపోయిందట.

అచ్చం నా అబద్ధంలో పులిలాగే. వ్యానులో దాన్ని చూడనిది నేనొక్కదాన్నే. బెంగుళూరావిడ నా భుజం తట్టింది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. మామ తువ్వాల దులిపి నా చేతికిచ్చాడు. తిరుగు ప్రయాణంలో ఆయన ఆ పొద్దుటి సంగతి గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఫొటో

బడి తెరిచిన వారానికి బెంగుళూరు నుంచి కవరు వచ్చింది. ఆ కెమెరా ఆయనకు చిరునామా ఇచ్చిన సంగతి నేను మరచిపోయాను. లోపల చిన్న ఉత్తరం, ఒక ఫొటో. కంగారులో మామా నేనూ పెనుగులాడుతున్నామనుకుని ఆయన వెనక్కి తిరిగాడట, ఆ తిరగడంలో వేలు మీట మీద పడిందట. పులి ఫొటో రాలేదని, మీదైతే చక్కగా వచ్చిందని రాశాడు.

నలుపు తెలుపు ఫొటో. కొంగు జారిన నా తల, నా మల్లెపూలు, మామ నోటి మీద నా చెయ్యి. చేతికి పైన మామ కళ్ళు రెండు, గుడ్లు బయటికి వచ్చేంత పెద్దవిగా.

మూడు రోజులు ఆ ఫొటో బీరువాలో పెట్టాను. నాలుగో రోజు బడికి తీసుకుపోయాను. మొగులమ్మ వాళ్ళు ఇప్పుడు నాలుగో తరగతి. వాళ్ళ గదికి పోయి ఫొటో బల్ల మీద పెట్టి చెప్పాను, నేను పులిని ఎన్నడూ చూడలేదని, కిందటి ఏడు చెప్పినదంతా అబద్ధమని, నిజం చేద్దామని పోయి కూడా చూడలేకపోయానని. పిల్లలు నన్ను చూశారు, ఫొటోను చూశారు. నా చెవులు వేడెక్కాయి. ముప్పై మంది ముందు నిలబడి సిగ్గుపడడం పెద్దవాళ్ళకు ఎంత కష్టమో అంతకు ముందు తెలియదు.

మొగులమ్మ ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"గీ తాత సూసిండా?"

"చూశాడు."

"అయితే గీ తాతను తోలుకరా టీచర్."

మర్నాడు మామను పిలిపించి, వాళ్ళందరినీ మా మూడో తరగతి గదిలో కూర్చోబెట్టాను. మామ కొత్త ధోవతి కట్టుకుని వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. పిల్లలు పులి ఎట్లుంటదని అడిగితే, గోడమీది పటం దగ్గరికి పోయి వెలిసిన పులిని తేరిపార చూసి, "గిది పిల్లి" అన్నాడు. తరువాత నీళ్ళు తాగిన తీరు, భుజాలు కదిలిన తీరు, నడిస్తే ఆకు కూడా చప్పుడు చేయని తీరు చెప్పాడు. మొగులమ్మ ఫొటో ఎత్తి పట్టుకుంది.

"తాతా, టీచర్ నీ నోరెందుకు మూసింది?"

"అర్సుతనని."

"అర్సెటోనివా?"

మామ తువ్వాల ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీద వేసుకున్నాడు.

"లే బిడ్డా. నలభై ఏండ్లు అర్సిన, పందుల మీద, జింకల మీద, నక్కల మీద. దాన్ని సూడంగనే నాకు గొంతే లేకుండ పోయింది. ఆ నోరు అర్సెతందుకు తెర్సింది గాదు. దానంతట అదే తెర్సుకున్నది."

నేను సుద్దముక్క చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. అంటే నా చెయ్యి అక్కర్లేదు. అంటే నేను నీటిగుంట వైపు తిరిగి ఉంటే చాలు.

"మరి ఆ మాట అప్పుడే చెప్పకపోతివా మామా?" అన్నాను. పిల్లల ముందని కూడా చూడకుండా గొంతు పెద్దది చేశాను.

మామ ఫొటో వైపు వేలు చూపించాడు.

"ఎట్ల చెప్పాలె బిడ్డా? నోటి మీద నీ చెయ్యుండె గద!"